కాశీలో వదిలిన చిక్కుడుకాయ

కాశీకి వెళ్లినవాళ్లు ఏదో ఒక కాయనో పండునో అక్కడ వదిలేసి రావాలి. ఇక బతికున్నన్నాళ్లూ దాన్ని నోట పెట్టకూడదు. ఈ ఆచారం గురించి మా మన్సూరాబాద్ కాలనీ గుడి మండపంలో ఒక ఏకాదశి సాయంత్రమంతా మాట్లాడాను. చాలా ఏళ్లుగా అక్కడ పురాణం చెబుతున్నవాణ్ణి కాబట్టి నన్ను ఆపేవాళ్లు లేరు. కాకరకాయ గిట్టనివాడు కాకరకాయ వదలడం, షుగరున్నవాడు సపోటా వదలడం దేవుడి దగ్గర లౌక్యం చూపించడమే అన్నాను. ప్రాణమైనదాన్ని వదిలితేనే వదిలినట్టు అన్నాను. అందరూ తలలూపారు. మా ఆవిడ ఊపలేదు.

ఆ కార్తీకంలోనే మా సత్సంగం వాళ్లమంతా కలిసి కాశీ వెళ్లాం. గంగలో నడుంలోతున నిలబడి ఒక్కొక్కరే తాము వదిలేదేమిటో చెబుతున్నారు. నా వంతు వచ్చేసరికి నా మనసులో ఉన్నది కాకరకాయే. కానీ ఆ ఏకాదశి నాటి శ్రోతలందరూ చలికి వణుకుతూ కూడా నా నోటివైపే చూస్తున్నారు.

"చిక్కుడుకాయ" అన్నాను.

అల్లం, పచ్చిమిర్చి దంచి వేసిన చిక్కుడుకాయ కూర కంచంలో ఉంటే నేను రెండో కూర ఏమిటని అడిగే మనిషిని కాను. మా గేటుకీ మెట్లకీ మధ్య ఉన్న కాస్త మట్టిలో మందారం, నందివర్ధనం, గన్నేరు అన్నీ దేవుడివి. ఆషాఢంలో నాటిన చిక్కుడు పాదు ఒక్కటే నాది. దానికోసం ఇనుప గొట్టాలతో పందిరి కూడా వేయించాను.

అయితే ఆ మాట అన్నప్పుడు నా మనసు వెనకాల ఇంకో సంగతి ఉంది. ఆ పాదు పందిరంతా అల్లుకుంది గానీ, మేం బయల్దేరే రోజుకి ఒక్క పువ్వు పూయలేదు. ఒట్టి ఆకే. ఇది కాసేది కాదని నేను ఇంటి దగ్గరే ఆశ వదిలేసుకున్నాను. అలా వదిలేసుకున్నదాన్నే తీసుకెళ్లి గంగలో మరోసారి వదిలాను.

తిరిగొచ్చి ఆటో దిగేసరికి పందిరంతా ఊదారంగు పూలు.

ఎదురింటి కింది వాటాలో కిరాయికి ఉండే ఆవిడది నల్లగొండ దగ్గర ఒక పల్లె. ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. మా ఆవిడా నేనూ గంగనీళ్ల చెంబు ఇవ్వడానికి వెళితే మిషను దగ్గర నుంచి లేచి వచ్చింది.

"సారూ, మీరు పోయినంక ఎట్ల పూసిందో చూసిండ్రా? ఇగ ఈ చలికాలమంత మీకు చిక్కుడుకాయే!"

"ఈయన అది కాశీలో వదిలేశారమ్మా" అంది మా ఆవిడ.

"ఏందీ, చిక్కుడుకాయనా?" ఆమె పందిరివైపు చూసి, తర్వాత నావైపు చూసింది. "గదేంది సారూ? కాకరకాయ యాదికి రాలేదా?"

ఫలం మీద ఆశ పెట్టుకోకుండా పని చేయాలని నేను మండపంలో ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. ఆ చలికాలం మా పాదు నాతో ఆ పని చేయించింది. పిందె పడగానే పేనుబంక పట్టింది. జపం ముగించుకుని వచ్చి, ఆ నల్లని పురుగుల్ని వేళ్లతో నలుపుతూ నిలబడేవాణ్ణి. బూడిద చల్లమని ఎదురింటావిడ చెప్పింది. మా కాలనీలో కట్టెల పొయ్యి ఎవరికుంది? ఎల్బీ నగర్ వెళ్లే దారిలో ఇస్త్రీ బండివాడి దగ్గర బొగ్గుల బూడిద సంచీతో తెచ్చి చల్లాను. నేను తినని కాయల కోసం నేను ఇంత సేవ చేస్తుంటే సత్సంగంలో నా గౌరవం పెరిగింది.

కాయలు రోజు విడిచి రోజు బుట్టెడు దిగేవి. సత్సంగం వాళ్ల ఇళ్లకి నేనే పంచేవాణ్ణి. ఒకాయన ఫోన్ చేసి, "గురువుగారూ, నిన్నటివి కాస్త ముదిరాయండీ. ఇంకొంచెం లేతగా ఉన్నప్పుడే కోసి పంపండి" అన్నాడు. సరేనన్నాను.

పుష్యమాసం సగానికి వచ్చేసరికి నేను శాస్త్రంలో దారులు వెతకడం మొదలుపెట్టాను.

"నేను వదిలింది కాయని. గింజని కాదు కదా?" అన్నాను మా ఆవిడతో.

"గింజలు ఆకుల్లోంచి రాలాయా అండీ?"

ఆ దారి మూసుకుపోయింది. రథసప్తమికి ఇంకోటి దొరికింది. ఆ రోజు చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి నివేదిస్తాం. నివేదించినది ప్రసాదం. ప్రసాదాన్ని వద్దనడం అపరాధం. ఇది నేను కల్పించిన మాట కాదు, పెద్దలు చెప్పిందే.

"ఈసారి పరమాన్నంతో పాటు చిక్కుడుకాయ కూర కూడా నైవేద్యం పెడదాం" అన్నాను.

"సూర్యభగవానుడికి అల్లం కారమా?"

"భక్తితో పెడితే ఏదైనా తింటాడు."

"తినేది ఆయనే అయితే పెడతాను లెండి" అని వండింది.

పూజ అయ్యాక కంచం పట్టుకుని ఎండ కోసం బయట మెట్ల మీద కూర్చున్నాను. అన్నంలో కూర కలిపి ముద్ద చేశాను. ముద్ద ఇంకా చేతిలో ఉండగానే గేటు చప్పుడైంది. ఎదురింటావిడ, ఊరికి వెళ్లే సంచీతో.

"తింటుండ్రా సారూ? తినుండ్రి, తినుండ్రి. ఊరికి పోతున్న, ఒక్క మాట అడిగి పోదామని." గేటు దగ్గరే ఆగింది. అక్కణ్ణుంచి నా కంచంలో ఏముందో ఆమెకి కనిపించదు. "మా అమ్మకు మీ సంగతి ఫోన్‌ల చెప్పిన. ఇంటి ముంగట గంపలు గంపలు కాస్తున్నా ఒక్క కాయ నోట్లె పెట్టలేదంటే, గట్లాంటోళ్లు ఇంక ఉన్నరా బిడ్డా అన్నది. మాట మీద నిలవడ్డ మనిషి చేతి గింజలు మంచిగ మొలుస్తయంట. నాలుగు ఎండుకాయలు మీ చేతితోనే తెంపియ్యుమన్నది. మీరు తిన్నంకనే. బస్సుకు జర టైమున్నది."

ప్రసాదం గురించిన వాదమంతా నా నాలుక మీద సిద్ధంగా ఉంది. మండపంలో అయితే దానికి తిరుగుండేది కాదు. ఇక్కడ ఆమె గేటు పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంది.

ముద్దని కంచంలోనే పెట్టేసి, కుళాయి దగ్గర చేయి కడుక్కున్నాను. అల్లం వాసన పోయేదాకా కడుక్కున్నాను. పందిరి పైన బాగా ఎండిన కాయలు ఏరి, దోసిలి నిండా తెంపి ఆమె కొంగులో పోశాను. ఆమె వాటిని కళ్లకద్దుకుంది.

నేను వెనక్కి తిరిగేసరికి మెట్ల మీద నా కంచం లేదు. మా ఆవిడ లోపల తింటోంది. కూర బాగా కుదిరిందట.