సున్నా వేసిన ఊరు

ఎనభైల చివర్లో ఆదిలాబాద్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో నాకు ఉద్యోగం వచ్చింది. మాది జమ్మికుంట దగ్గర పల్లె. నేను చేరేనాటికే ఆఫీసుకు కొత్త కంప్యూటర్ వచ్చింది. ఊరూరి వానలు, జ్వరాల వివరాలు అందులోకి ఎక్కించి, వానాకాలంలో మందులు, నర్సులు ఎక్కడ అవసరమో పైవాళ్లకు చెప్పడం నా పని.

వానల లెక్క, జ్వరాల లెక్క పక్కపక్కన పెట్టి చూశాను. పెద్ద వానలు పడిన ప్రతి ఏడూ వాగు వెంబడి ఊళ్లన్నీ మంచం పట్టాయి. నడుమ ఒక్క ఊళ్లో మాత్రం ఎప్పుడూ సున్నానే.

మా అధికారి సంతోషపడ్డారు. "మంచిదే కదమ్మా! గా ఊరి మందులు వేరే దిక్కు పంపుదాం."

చుట్టూ ఊళ్లన్నీ మంచం పడితే ఆ ఒక్క ఊరు ఎలా తప్పించుకుందో నాకు అర్థం కాలేదు. ఆ వైపు సర్కారు దవాఖానా డాక్టరుగారి జీపు అటు పోతుంటే నేనూ ఎక్కాను.

వాగు దాటి నడిచాం. ఊరి మొదట్లోనే ఇళ్ల కప్పులు కూలి ఉన్నాయి. కుక్క కూడా మొరగలేదు. గుమ్మంలో కూర్చున్న ముసలామెను అడిగాను.

"అవ్వా, గీ ఇండ్లల్ల మనుషులు ఏడికి పోయిండ్రు?"

"ఏడికి పోతరు బిడ్డా? గా గడ్డ మీద పండవెట్టినం."

అటు చూశాను. వరసగా మట్టి కుప్పలు. కొన్నింటి మీద ఇంకా గడ్డి మొలవలేదు.

"జ్వరాలొచ్చినయని ఎవలకన్న చెప్పిండ్రా?"

"వాగు వొస్తే ఎవలు రాలే. వాగు పోయినంక చెప్పి ఏం జేస్తం?"

వానాకాలమంతా ఆ ఊరి నుంచి కబురే ఉండేది కాదు. కబురు లేని చోట కాగితం ఖాళీగా వచ్చేది. ఆ ఖాళీని కంప్యూటర్ సున్నాగా చూపింది.

తిరిగొచ్చి అధికారికి చెప్పాను. "ఇసొంటి సున్నాలు ఇంకెన్ని ఉన్నయమ్మా?" అన్నారు. జిల్లా అంతా వెతికాం. తెర మీద ఒకదాని కింద ఒకటి వస్తూనే ఉన్నాయి. ఆ ఊరి పక్కన గుట్ట అవతల ఉన్న ఊరూ వాటిలో ఉంది.

అన్ని ఊళ్లకూ పంపడానికి మనుషులు లేరు. ఆ ఒక్క ఊళ్లో మాత్రం ఒక నర్సును మందులతో ఉంచారు. మర్నాడే ముసురు పట్టింది. వాగు దారి మూసేసింది. రోజూ పొద్దున్నే డాక్టరుగారికి ఫోన్ చేసేదాన్ని.

"ఇంక ఏం ఖబర్ లే మేడమ్."

వాగు తగ్గాక ఆయన వెళ్లొచ్చారు. నర్సుకూ జ్వరం తగిలిందట. గోడలు పట్టుకొని నడుస్తూ ఇంటింటికీ మందులిచ్చిందట.

"ఒక్క ముసలాయన పోయిండు. మిగిలినోళ్లంత బతికిండ్రు" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన ముఖంలో మాత్రం వెలుగు లేదు.

"గుట్ట అవతలి ఊరికి మనం ఎవలను పంపలే కద మేడమ్," అన్నారు, "గిప్పుడు గక్కడికే పోతున్న."