కూర్చున్న కమాను

ఆ స్వెటరు ఒకసారి పూర్తయిందన్న సంగతి ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆనాటి పేజీలో "రోజంతా మబ్బు. పని సాగలేదు" అని మాత్రమే ఉంది. అబద్ధాలు రాయడానికి డైరీ పెట్టుకోలేదు గాని, ఆ రోజు అంతకంటే రాయడానికి చేయి రాలేదు.

అది 1955 చలికాలం. ఎమ్మిగనూరులో స్త్రీల చేతిపనుల కేంద్రంలో నేను చేరి అప్పటికి రెండేళ్లు. మగ్గాల ఊరు కదా, ఏ వీధిలో నడిచినా మగ్గంలో నాడె ఆడే చప్పుడే. ఆ ఊళ్లో ఊలు, సూదులు పట్టుకున్న మమ్మల్ని చూస్తే అందరికీ నవ్వులాట. "ఈ ఎండలకు స్వెటర్లు ఎవురికమ్మా, మేకలకా?" అనేవారు. మేము అల్లినవి బెంగుళూరు అంగళ్లకు పోయేవి. అల్లే ఆడవాళ్లు పదిమంది. నా పని అల్లడం కాదు, వాటి మీదికి నమూనాలు గీయడం.

నమూనాలు ఎక్కడనుంచి వస్తాయని చాలామంది అడుగుతారు. నేను మనుషుల ముఖాలకేసి చూడలేను. అందుకని గోడలకేసి చూస్తాను. వారానికొకసారి ఊలు తేవడానికి బస్సులో ఆదోనికి వెళ్లేదాన్ని. రైలు స్టేషను రేకుల అంచున వేలాడే చెక్క జాలరు ఒక చంటిబిడ్డ టోపీకి అంచు అయింది. కోట కొండ మెట్లు ఒక మఫ్లరు చారలయ్యాయి. ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని గీస్తుంటే పక్కనున్న వాళ్లు పలకరించరు. ఆ సుఖం కోసమే సగం గీసేదాన్ని.

ఆ గీతను గళ్ల కాగితం మీదికి ఎక్కిస్తే దాన్ని చార్టు అంటాము. ఒక గడి అంటే ఒక కుట్టు. అల్లే మనిషికి చదువు రాకపోయినా గళ్లు లెక్కపెట్టుకుంటూ అల్లేయగలదు. మా కేంద్రంలో అందరికంటే బాగా అల్లేది మార్తమ్మ. ఆస్పరి వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి, భర్త లేడు. చేతులు పని చేస్తుంటే నోరు ఊరకుండేది కాదు.

కార్తీకం మొదట్లో ఉరుకుందమ్మ అనే ఆమె ఆదోని నుంచి వచ్చింది. జిన్నింగు మిల్లులో పత్తి ఏరే మనిషి. తలవెంట్రుకల్లో ఇంకా దూది పోగులున్నాయి. పచ్చ ఊలు తానే కొని కొంగులో కట్టుకొచ్చింది. కూతురు జయమ్మకు పదిహేడేళ్లు, క్షయ. ఎనిమిది నెలలు ఇంట్లో మంచం మీదే ఉండి, ఆ మధ్యనే దూరాన కొండల నడుమ ఉన్న శానిటోరియంలో చేరింది. నెలకొకసారి తల్లి పోయి చూసి వస్తుంది. కూతురి జాబు తీసి నా చేతిలో పెట్టింది.

"అమ్మా, ఈడ వరండాలో పండబెడతారు. గాలి తగలాలంట. తెల్లారుజామున చలికి పండ్లు కొట్టుకుంటాయి. స్వెటరు తీస్కరా. ఈడ అన్నీ కొండలే, మన కమాను కనపడదు."

"కమాను అంటే?" అని అడిగాను.

"మా వీధి మొగదల రాతి కమానుంది లేమ్మా. మంచం మీద పండుకుంటే కిటికీలోంచి అదొక్కటే కనపడేది. దాని మీద పావురాలు ఎన్నో లెక్కపెడతా ఉండేది పిల్ల."

"స్వెటరు మీద ఆ కమాను వేద్దామా?" అన్నాను. నా అంతట నేను ఒకరితో అలా అనడం అదే మొదటిసారి.

ఆమె నన్ను అనుమానంగా చూసింది. "సాదాది మందంగా ఉంటే సాలు అనుకున్నా. అయితాదా అది?"

"అవుతుంది. మీరు మళ్లీ పోయే లోపల ఇస్తాను."

ఆ వారమే ఆదోని వెళ్లి జయమ్మ మంచం మీద కూర్చున్నాను. నులక మధ్యలో కుంగిపోయి ఉంది. కిటికీలోంచి చూస్తే సున్నం రాలిన కమాను, మీద ఏడు పావురాలు. రాయి రాయి లెక్కపెట్టి గీశాను. రాత్రి లెక్కల నోటుపుస్తకం గళ్ల మీద అడ్డంగా నలభై, నిలువుగా యాభై గళ్లలో పచ్చ నేల మీద తెల్ల కమాను దింపాను. నేను గీసినవాటిలో అంత అచ్చంగా వచ్చింది మరొకటి లేదు.

మార్తమ్మ చార్టును దూరంగా పట్టుకుని చూసింది. "టీచరమ్మా, ఇది కూసుంటాదేమో."

"ఎందుకు కూర్చుంటుంది? గళ్లన్నీ కొలిచే గీశాను."

"నా కుట్లు గళ్ల మాదిరి ఉండవు తల్లీ. పొట్టి ముండలు, అడ్డంగా పెరిగినాయి."

నాకు కష్టమనిపించింది. "గీసినట్టు అల్లక్కా" అన్నాను. మనుషుల ఎదుట నోరు పెగలని దాన్ని, కాగితం చేతిలో ఉంటే మాత్రం ఎవరి మాటా వినేదాన్ని కాదు.

ఆమె అన్నదే నిజం. దాన్ని మా పనిలో గేజ్ అంటారు: అంగుళానికి అడ్డంగా ఎన్ని కుట్లు, నిలువుగా ఎన్ని వరుసలు అన్న లెక్క. మార్తమ్మ చేతికి అంగుళానికి అయిదు కుట్లు, ఏడు వరుసలు. అంటే కుట్టు ఎత్తు కంటే వెడల్పు ఎక్కువ. పువ్వులూ చారలూ గీసినన్నాళ్లు ఈ తేడా కనపడలేదు. కొంచెం అణిగిన పువ్వు కూడా పువ్వే. పది అంగుళాలు లేవవలసిన కమాను ఏడింటితోనే ఆగింది.

అల్లే రోజుల్లో నేను వేరే నమూనాల పని మీద ఆదోనిలో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి స్వెటరు చాప మీద పరిచి ఉంది. ముందు, వెనక, చేతులు, అన్నీ కలిపి కుట్టేసింది. కమాను రొట్టెల పొయ్యి నోరులాగుంది. దాని కింద మనిషి వంగి కూడా దూరలేడు.

"కూసుంది గదా" అంది మార్తమ్మ, మెల్లగా. నన్ను దెప్పాలని కాదు.

"ఇది ఇవ్వలేమక్కా."

"ఎందుకియ్యలేం? ఎంత మందంగుండాదో సూడు. దుప్పటి కప్పుకుంటే కమాను యాడ కనపడతాది?"

"ముందు భాగం విప్పి మళ్లీ అల్లుదాం."

"ఎల్లుండి వస్తాదమ్మా ఆ తల్లి. సలి మన సార్టు కోసం ఆగుతాదా?"

కత్తెర తీసి కుట్లు తెంపింది నేనే. ఊలు లాగుతుంటే వరుస తరువాత వరుస ఊడిపోయింది. ఏడు పావురాలు మొదట పోయాయి. విప్పిన ఊలు ఉంగరాలు తిరిగి ఉంటుంది. వెంటనే అల్లితే గతుకులు పడుతుంది. వేడినీళ్లలో తడిపి, పొడుగు కట్టలా చిలప చుట్టి, కింద బరువు కట్టి ఆరవేయాలి. ఆ రెండు రోజులూ మబ్బు పట్టి ఊలు ఆరలేదు.

శనివారం ఉరుకుందమ్మ వచ్చింది. మర్నాడు ఆమె రైలు. దండెం మీద నీళ్లు కారుతున్న చిలపలు చూసి, "అది మా ఊలు గదా?" అంది.

"అవును. ఉతికి అల్లితే మెత్తగా వస్తుంది." ఆ మాట అబద్ధం కాదు. తరువాతది అబద్ధం. "మార్తమ్మ చేయి బాగలేదు. అందుకే ఆలస్యమైంది."

గోడవారగా కూర్చుని ఎవరిదో మేజోడు అల్లుతున్న మార్తమ్మ సూదులు కింద పెట్టింది. కుడిచేయి కొంగు కింద దాచుకుంది. నా వైపు చూడలేదు.

"అయ్యో, నొప్పిగుండాదా అక్కా? ఆముదం రాసుకో" అంది ఉరుకుందమ్మ. ఆ ఉత్త చేతులతోనే మర్నాడు రైలెక్కింది.

నేను చార్టు మళ్లీ గీశాను. నిలువు గళ్లు యాభై కాదు, డెబ్భై. పన్నెండు రోజుల్లో స్వెటరు తయారైంది. పోస్టులో పంపమని తల్లికి ఇద్దామని నేనే ఆదోని తీసుకుపోయాను. ఇంటికి తాళం. శానిటోరియం నుంచి తంతి వచ్చిందనీ, ఉరుకుందమ్మ ముందురోజే అక్కడికి బయలుదేరిందనీ పక్కింటి ఆమె చెప్పింది. తంతి ఎందుకు వచ్చిందో నేను అడగలేదు.

ఇది జరిగి మూడేళ్లయింది. ఇప్పుడు ఏ నమూనా అయినా ముందు అరచేయంత ముక్క అల్లించి, కొలిచి, ఆ తరువాతే గీస్తాను. కొత్తగా చేరిన పిల్లలకు అదే నేర్పుతాను. వాళ్లకు చెప్పనిది ఒకటుంది. గేజ్ తప్పు చిన్నది. ఆ జాబు మొదట చదివినప్పుడే తప్పు చదివాను. అందులో అడిగింది ఒకటి, నా కంట పడింది ఇంకొకటి. మొదటి స్వెటరు చలికి చాలినంత వెచ్చగా ఉన్నా, కమాను నా కంటికి సరిగా రాలేదని విప్పేశాను. మార్తమ్మ ఇప్పటికీ నా చార్టులే అల్లుతుంది. ఆ చేయి సంగతి ఏనాడూ ఎత్తలేదు.

ఆనాడు తాళం చూసి వచ్చిన ఇరవై రోజులకు మళ్లీ ఆదోని పోయాను. ఈసారి తలుపు తీసే ఉంది. కిటికీ పక్కన మంచం లేదు. నేల మీద దాని కోళ్ల గుర్తులు నాలుగు ఉన్నాయి. ఉరుకుందమ్మ స్వెటరును ఒళ్లో పరుచుకుంది. కమాను మీద వేలు పెట్టి కింద నుంచి పైదాకా తడిమింది. పావురాలు లెక్కపెట్టింది. "అచ్చం మాదే" అంది. నిజం చెప్పాలని నోరు తెరిచాను. ఉతికిన ఊలు మెత్తగా వచ్చిందని మాత్రం చెప్పాను.

ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతుల్లోనే పెట్టింది. కోపంగా చెప్పలేదు, పత్తిలోంచి పుల్ల ఏరి పక్కన పెట్టినట్టు చెప్పింది.

"సలికి ఓర్సుకోలేనోళ్లు ఎవురన్నా ఉంటే ఇయ్యమ్మా. సలి అని అది ప్రతి జాబులోనూ రాసింది. కమాను మాట ఒక్కదాంట్లోనే రాసింది."