చెట్టు తరఫున జవాబు

చెట్టును బెదిరిస్తే కాస్తుందా అని పట్నం నుంచి వచ్చినవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. జపాన్‌లో మా యమగతా కొండల్లో జనవరి పదిహేనున, చిన్న సంవత్సరాది పొద్దున, ప్రతి ఇంట్లోనూ ఒకరు గొడ్డలి పట్టుకుని పెరట్లోని పర్సిమన్ చెట్టు ముందు నిలబడతారు. "కాస్తావా, కాయవా? కాయకపోతే నరికేస్తా!" అని గద్దిస్తారు. చెట్టుకు నోరు లేదు గనుక ఇంకొకరు దాని వెనక నిలబడి "కాస్తాను, కాస్తాను" అని ఒప్పుకుంటారు. బెరడు మీద చిన్న గాటు పెట్టి, అందులో ఎర్ర చిక్కుడు గింజల జావ రాస్తారు. అక్కడితో చెట్టుకూ మనిషికీ రాజీ.

షినో ఈ ఊరికి కోడలై వచ్చేనాటికి ఆమెకు ఇరవై ఒక్కేళ్లు. యుద్ధం ముగిసి పదిహేనేళ్లు దాటింది. పుట్టిల్లు సముద్రం ఒడ్డున. చేపల గురించి ఏమడిగినా చెప్పేది గానీ చెట్ల సంగతి బొత్తిగా తెలియదు. అత్తగారి పేరు యొనే. భర్త పోయిన మనిషి, ఒక్కగానొక్క కొడుకు తమేజి. నోరు పెద్దదని ఊరంతా ఆమెకు కాస్త దూరంగానే మసలేది. వగరు పర్సిమన్ కాయలు తొక్క తీసి, తాళ్లకు కట్టి, తీపెక్కేలా చూరు కింద ఎండబెట్టడంలో మాత్రం ఆమె చేతికి తిరుగులేదు. కోడలు మొదటిసారి తీసిన తొక్కలు చూసి యొనే నెత్తి కొట్టుకుంది.

"తొక్క తియ్యమంటే కాయని సగం చేసి పెట్టావేంటే! మీ ఊళ్లో చేపకి పొలుసు కూడా ఇలాగే తీస్తారా? ఇంక తినడానికేం మిగుల్తుంది, ముల్లా?"

ఆ ఏడు చిన్న సంవత్సరాదికి చెట్టు వెనక నిలబడి జవాబు చెప్పే పని కోడలికి వచ్చింది. అత్తగారు గొడ్డలి ఎత్తి అరుస్తుంటే షినో నవ్వు ఆపుకోలేక "కాస్తాను బాబోయ్, కాస్తాను!" అంది. రెండో ఏడు నవ్వు తగ్గింది. మూడో ఏడుకి, అత్తగారు ఆ మాట అడుగుతున్నది చెట్టునా తననా అన్న అనుమానం మొదలైంది. పెళ్లయి మూడో ఏడు నడుస్తున్నా ఆమె కడుపు పండలేదు మరి.

నాలుగో ఏడు, పండగ ముందురోజు మధ్యాహ్నం, పైవాడ నుంచి యొనే ఆడపడుచు కత్సు వచ్చింది. నడిమింటి పొయ్యి దగ్గర చతికిలబడి, ఊరగాయ ముల్లంగి కరకర నములుతూ మాట మొదలుపెట్టింది. షినో టీ పట్టుకుని కాగితపు తలుపు దాకా వచ్చి ఆగిపోయింది.

"నాలుగేళ్లయింది వదినా. ఇంకెన్నాళ్లు చూస్తావ్? మంచు కరగ్గానే దాన్ని పుట్టింటికి పంపించెయ్. తమేజికి ఇంకో పిల్లని నేను చూస్తాగా."

యొనే ఏమీ అనలేదు. నిప్పులు ఎగదోస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది. ఎంత నోరున్న మనిషి! ఆవిడే ఊరుకుందంటే ఒప్పుకున్నట్టే అనుకుంది షినో. టీ పళ్లెం గుమ్మంలోనే వదిలేసి, కట్టెల కొట్లోకి పోయి కూర్చుంది. ఆ ఇల్లంటే ఆమెకు అప్పటికే ఇష్టం. తిట్లతో సహా ఇష్టం. ఇక రెండు మూడు నెలల్లో ఇదంతా తనది కాకుండా పోతుందని కుమిలిపోయింది.

తెల్లారింది. మోకాలి లోతు మంచు. గడ్డి జోళ్లు వేసుకుని ముగ్గురూ పెరట్లోకి వచ్చారు. తమేజి చేతిలో జావ గిన్నె ఉంది. షినో వెళ్లి చెట్టు వెనక నిలబడింది. యొనే గొడ్డలి ఎత్తింది.

"కాస్తావా, కాయవా?"

జవాబు లేదు.

"ఏయ్ చెట్టూ! నిన్నే! కాస్తావా, కాయవా? కాయకపోతే నరికేస్తా!"

చెట్టు పలకలేదు.

"జావ చల్లారిపోతోందమ్మా," అన్నాడు తమేజి మెల్లగా.

"నువ్వు నోర్ముయ్!" అని యొనే విసవిసా చెట్టు వెనక్కి వెళ్లింది. అక్కడ షినో రెండు చేతులతో నోరు మూసుకుని, భుజాలు అదిరిపోయేలా ఏడుస్తోంది. యొనే తన చేతిలోని గొడ్డలి కోడలి చేతిలో పెట్టింది.

"పో. ముందుకెళ్లి నువ్వు అడుగు. చెట్టు తరఫున నేను పలుకుతా."

"నావల్ల కాదు అత్తయ్యా."

"అడగమన్నానా!"

షినో ముందుకెళ్లి అడిగింది. "కాస్తావా... కాయవా?"

"కాయను!" అని చెట్టు వెనక నుంచి గట్టిగా వినిపించింది.

తమేజి చేతిలోని గిన్నెలోంచి జావ ఒలికింది. పుట్టి బుద్ధెరిగాక అతను అలాంటి జవాబు వినలేదు.

"కాయను! ఏం చేస్తావ్? నరుకుతావా?"

"నరకను," అంది షినో.

"ఏం, ఎందుకు నరకవు?"

"మనింటి చెట్టు కదా అత్తయ్యా."

"అదీ మాట!" అంటూ యొనే ఇవతలికి వచ్చింది. "నిన్న కత్సుకీ ఇదే చెప్పా. మా ఇంటి చెట్టు, కాసినా మాదే కాయకపోయినా మాదే, ఇంకోసారి ఆ కూత కూశావంటే నీకీ ఇంట్లో టీ చుక్క పుట్టదన్నా. అప్పటికి నువ్వు టీ పళ్లెం గుమ్మంలో పారేసి పారిపోయావ్. వినకూడనిదంతా విని, వినాల్సింది వినకుండా పోయావే మొద్దూ!" తర్వాత గొంతు తగ్గించింది. "నాలుగేళ్లుగా నీ ఎదురుగా నిలబడి అరుస్తున్నా. నీ చెవికెలా ఉంటుందో ఆలోచించలేదు. తప్పు నాదే."

షినోకు పిల్లలు పుట్టలేదు. ఆమెను పంపించెయ్యమన్న మాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. చూరు కింద కాయలు కట్టడంలో అత్తను మించిన చెయ్యి అయింది. ఏటా చిన్న సంవత్సరాదికి ఊళ్లో చెట్లన్నీ బుద్ధిగా కాస్తామని ఒప్పుకుంటుంటే, ఆ ఇంటి చెట్టొక్కటే "కాయను, పో!" అనేది. కోడలు "నరకను" అనేది. ఇరుగుపొరుగు దడి మీదుగా తొంగిచూసి నవ్వుకునేవారు.

ముప్పై నాలుగేళ్లు అలా సాగింది. చివరి ఏడు యొనేకి ఎనభై ఆరు. నడవలేకపోతే తమేజి వీపున మోసుకెళ్లి చెట్టు వెనక నిలబడ్డాడు. షినో అడిగింది. సన్నటి గొంతు "కాయను" అంది. షినోకు ఆ ఏడు "నరకను" అనడం చేతకాలేదు. గొడ్డలి పక్కన పడేసి, మంచులోనే మోకాళ్ల మీద కూర్చుని, నుదురు నేలకు తాకేలా వంగింది.

"అత్తయ్యా, మీరు నన్నీ ఇంట్లో ఉండనిచ్చారు కాబట్టి నేను బతికాను."

కొడుకు వీపు మీద నుంచి యొనే కసిరింది.

"చెట్టుకి దణ్ణాలేంటే పిచ్చిదానా! జావ పెట్టు."