రెండో పిలుపు

మా చిన్నప్పుడు... సందెవేళ బయటి నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ చటుక్కున మా నోరు మూసేది. "ఆగవే. మళ్ళీ పిలవనీ." మనిషైతే రెండోసారి పిలుస్తాడు, మనిషి కానిది ఒక్కసారే పిలుస్తుందని ఆవిడ నమ్మకం. వసారాలో లాంతరు ముందు ఊపిరి బిగబట్టుకుని ఆ రెండో పిలుపు కోసం చెవులు రిక్కించేవాళ్ళం...

ఆ అలవాటుని అమెరికా దాకా మోసుకొచ్చి కూతురి చదువు పాడుచేయబోయానని మా వాళ్ళు ఇప్పటికీ నన్ను ఆడిపోసుకుంటారు. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నా మాట కూడా వినండి, తర్వాత తప్పు ఎవరిదో మీరే చెప్పండి.

ఎనభైల మొదట్లో సంగతి. అప్పటికి కొన్నేళ్ళ కిందటే మా బావనే చేసుకుని న్యూజెర్సీ వచ్చాను. ఆయన ఇంజనీరు. ఎడిసన్ దగ్గర పాత అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. బట్టలు ఉతికే మెషిన్లు కింద బేస్‌మెంట్‌లో. చలికాలం వస్తే కాఫీల వేళకే చీకటి పడేది.

ఒకరోజు మా అమ్మాయి లలితని వెంటపెట్టుకుని కింద బట్టలు వేస్తున్నాను. మెట్ల మీద నుంచి మా బావ గొంతు... "లలితా" అని. పిల్ల పలకబోయింది. నా చెయ్యి దానంతటదే వెళ్ళి దాని నోరు మూసింది.

రెండో పిలుపు రాలేదు. మెట్ల మీద ఎవరూ లేరు. పక్కింటావిడ చేత ఆఫీసుకి ఫోన్ చేయిస్తే ఆయన అక్కడే ఉన్నారు, అప్పటిదాకా సీటు లోంచి కదల్లేదట.

అప్పుడు నేర్పాను పిల్లకి, మా అమ్మ నాకు నేర్పినట్టే. ఏ తల్లైనా నేర్పదా...

ఆ ఊరి బడిలో బాగా తెలివైన పిల్లలకి వేరే క్లాసు ఉండేది. గిఫ్టెడ్ క్లాసు అనేవారు. అందులో చేరాలంటే పరీక్ష. బడిలో ఒకావిడ పిల్లని ఒంటరిగా గదిలోకి పిలిచి నోటితో ప్రశ్నలు అడిగేది. మా లలిత ఆరేళ్ళకే పొద్దున్న పాలలో వేసుకునే సీరియల్ డబ్బా మీద ఉన్నదంతా గడగడా చదివేది. దానికి సీటు రాకపోతే ఇంకెవరికొస్తుంది అనుకున్నాం.

పరీక్షకి వెళ్ళి వచ్చింది. మర్నాడు బడివాళ్ళు పిలిచి చెప్పారు... పిల్ల నోరే విప్పలేదు, మందబుద్ధేమో, అలాంటి పిల్లల క్లాసులో వేస్తాం అని.

ఇంటికొచ్చి దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను. "ఎందుకమ్మా మాట్లాడలేదు?"

"ఆంటీ ఒక్కసారే పిలిచిందమ్మా. మళ్ళీ పిలవలేదు. మనిషో కాదో నాకెలా తెలుసు?"

మా బావ తల పట్టుకున్నారు. "విన్నావా సుబ్బులూ? నీ దయ్యాల శాస్త్రం పిల్ల నెత్తికి చుట్టుకుంది."

ఆ శనివారం తెలుగువాళ్ళ విందులో ఒకావిడ అందరి ముందూ అడిగింది, "మీ అమ్మాయికి మాటలు వచ్చాయా అండీ?" అని. "వచ్చాయండీ, ఎవరితో మాట్లాడాలో కూడా తెలుసు" అన్నాను. అన్నానే గానీ ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

సోమవారం బడి ఆఫీసుకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. చీర మీద కోటు, కాళ్ళకి మంచు బూట్లు. మళ్ళీ పరీక్ష పెట్టేదాకా లేవనని మా బావ చేత చెప్పించాను. పాపం ఆయన సిగ్గుతో చచ్చిపోయారు. చివరికి బడివాళ్ళు సరే అన్నారు. "పిల్లని రెండుసార్లు పిలవమని కూడా చెప్పు బావా" అన్నాను. ఆ పరీక్షావిడ నవ్వి తలూపింది.

ఆ గదికి కిటికీ లేదు. లలిత ముందే లోపలికి వెళ్ళి కూర్చుంది. ఆవిడ వెళ్ళి తలుపు వేసుకుంది. బయట బెంచీ మీద నేనూ, మా బావా. నేనెక్కడ నోరు జారతానో అని కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

లోపల ఆవిడ గొంతు వినిపించింది. "లలితా."

తర్వాత ఏమీ లేదు... చాలాసేపు.

అప్పుడు మా పిల్ల పలికింది. ఇక ఆగలేదు. ప్రశ్న ముగిసేలోగా జవాబు. మా బావ నా చెయ్యి పట్టుకున్నారు.

బయటికొచ్చి ఆవిడ ఎంతో మెచ్చుకుంది. రెండోసారి పిలవడం మర్చిపోయానని, పిలవకుండానే పిల్ల పలికిందని చెప్పిందట.

కారెక్కగానే మా బావ మొదలుపెట్టారు. "చూశావా, ఒక్క పిలుపుకే పలికింది. ఇక నీ శాస్త్రం కట్టిపెట్టు."

వెనక సీట్లోంచి లలిత అంది, "కాదు నాన్నా. రెండోసారి అమ్మ పిలిచింది కదా. ఆంటీ కుర్చీ వెనకాల నించుని."

మా బావ నా వంక చూశారు. నా కొంగు ఇంకా తడిగానే ఉంది.

సీటు వచ్చింది. పిల్ల బాగా చదువుకుంది. నా వల్ల సీటు పోబోయిందని అందరూ అంటారు, ఎవరి వల్ల వచ్చిందో మాత్రం ఒక్కరూ అడగరు. అదేమిటో నాకూ తెలియదు. దణ్ణం పెట్టాలో, భయపడాలో ఇప్పటికీ తేల్చుకోలేదు...

ఒకటి మాత్రం పోగొట్టుకున్నాను. ఆ రోజు తర్వాత నేను పిలిచినా లలిత వెంటనే పలికేది కాదు. ముందు నా మొహంలోకి చూసేది, నేనే అవునో కాదో అన్నట్టు.

ఇప్పుడు దాని పిల్లలు ఇలాంటి పరీక్షలే కంప్యూటర్ ముందు కూర్చుని రాస్తున్నారు. గదిలో మనిషి ఉండడు, పేరు పెట్టి పిలవడమూ ఉండదు. కుయ్‌మంటే చాలు, నొక్కేస్తారు.

మీ ఇళ్ళలోనూ తొలి పిలుపుకి పలకవద్దన్న అమ్మలు, అమ్మమ్మలు ఉంటే చెప్పండి, మా కోడలు చదివి వినిపిస్తుంది. రాను రాను ఆగి పలికేవాళ్ళే కాదు... రెండోసారి పిలిచే ఓపిక ఉన్నవాళ్ళూ కనబడటం లేదు.