చెప్పకుండా మార్చిన స్క్రీన్

కల్లూరులో ఒక నూనెమిల్లుకు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టడానికి మా నలుగురినీ పంపారు. నాకది మొదటి ప్రాజెక్టు. స్టోర్ చూసుకునే పెద్దాయనకు కంప్యూటర్ నేర్పే పని నాకిచ్చారు. అందరూ ఆయన్ను చాచా అనేవాళ్లు. ఏ బేరింగు ఏ అరలో ఉందో చూడకుండానే చెప్పేవాడు.

నిజానికి ముందు నేర్పింది ఆయనే. యంత్రాల భాగాలు నాకు ఒక్కటీ తెలియవు. ఒక్కొక్కటీ నా చేతిలో పెట్టి, "బరువు చూడు పాపా, పేరు దానంతటదే గుర్తుంటాది," అనేవాడు. నేను చెప్పిందంతా ఉర్దూలో నోటుబుక్కులో రాసుకునేవాడు. అది చూసి మా టీమ్ లీడర్ నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే నన్ను వాళ్లలో కలుపుకోరేమోనని భయం.

యజమానికి పని చూపించాల్సిన రోజు వచ్చింది. లీడర్ చెబితే ముందురోజు సాయంత్రం స్టోర్ స్క్రీన్ నేనే మార్చాను. వస్తువు పేరుకు బదులు కోడ్ నంబరు అడిగేలా పెట్టాను. పొద్దున చాచాకు చెబుదామనుకున్నాను. నేను వెళ్లేసరికే అందరూ కూర్చుని ఉన్నారు.

చాచా మొదలుపెట్టగానే లీడర్ నోటుబుక్కు లాక్కున్నాడు. "చూడకుండా చెయ్యండి," అన్నాడు.

చాచా పేరు కొట్టాడు. తప్పని చూపింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే.

"నిన్న ఇట్ల లేదు సార్, పేరే అడిగింది. చెప్పు పాపా," అని నా వైపు తిరిగాడు.

"మనమేం మార్చలేదు కదా?" అన్నాడు లీడర్, నా కళ్లలోకి చూస్తూ.

"లేదు సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. యజమాని లేచాడు. "ఇంగ నీతో కాదులేప్పా. గేటు కాడ కూచో పో."

మరుసటి రోజు నుంచి చాచా గేటు దగ్గర రిజిస్టరు రాస్తున్నాడు. "పేరేంది? యాడినుంచి వచ్చినారు?" అని అడిగాడు నన్ను. "చాచా, నేనే," అన్నాను. "పేరు చెప్పండి మేడం. ఎనకాల లారీలుండాయి." ఎండలో నిలబడి రోజూ నా పేరు చెప్పాను.

స్టోర్‌లో మిగిలినవాళ్లు మాతో మాట్లాడడం మానేశారు. ఏది అడిగినా, "మాకేం తెల్సు, మీ కంప్యూటర్నే అడగండి," అనేవాళ్లు. కోడ్ నంబర్లు తప్పుగా ఎక్కాయి. స్టోర్ నుంచి యంత్రానికి తప్పు బెల్టు వెళ్లి మిల్లు ఆగింది. నా శిక్షణ బాగాలేదని లీడర్ రిపోర్టు రాసి నన్ను పంపించేశాడు. టీమ్‌లో ఒక్కరూ నోరు విప్పలేదు.

వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఆగాను. "స్క్రీన్ నేనే మార్చాను చాచా," అన్నాను.

"ఆ పొద్దే తెల్సు," అన్నాడు, టైము రాస్తూ. "ఈడ నాకొక్కనికి చెప్తే ఏమొస్తాది? జరగండి మేడం, లారీ వస్తాండాది."