అన్నీ ముందే చెప్పే సిస్టరు

ఆడవాళ్ల ఆసుపత్రిలో అందరూ ఆమెను రేడియో సిస్టరు అంటారు, నోరు మూతపడదని. ఆ పేరు ఆమెకూ తెలుసు, పట్టించుకోదు. పదిహేడేళ్లప్పుడు తననూ ఇలాంటి ఆసుపత్రిలోనే పరీక్ష బల్ల ఎక్కించారు. ఏం చేస్తారో ఒక్కరూ చెప్పలేదు. భయంతో కాలు విసిరితే డాక్టరుగారి కళ్లజోడు ఎగిరి గోడకు తగిలింది. తెలియనివాళ్లకు ముందే చెప్పడం అందరి కళ్లజోళ్లకూ క్షేమమని అప్పటినుంచీ ఆమె అభిప్రాయం.

ఆ రోజు పదహారేళ్ల పిల్లను వెంటబెట్టుకుని ఒక తల్లి వచ్చింది. నెలనెలా నొప్పితో పిల్ల బడి మానేస్తోంది.

"నొప్పి ఎక్కడమ్మా?" అని సిస్టరు పిల్లనడిగితే, "పొత్తికడుపులో," అంది తల్లి.

"ఎన్నాళ్లుంటుంది?"

"మూడ్రోజులు," అంది మళ్లీ తల్లే.

"నొప్పి మీకా, అమ్మాయికా?"

తల్లిని బయట కూర్చోబెట్టి సిస్టరు తలుపు వేసింది.

పిల్ల తన చెప్పుల వంక చూస్తూ, "లోపల పరీక్ష చేస్తారంట కదా. కత్తెరలుంటాయని మా క్లాసులో చెప్పుకుంటున్నారు," అంది.

"కత్తెర ఉంది. కట్టుగుడ్డ కత్తిరించడానికి. నీ వయసులో చాలామందికి ఆ పరీక్షే అక్కర్లేదు. ముందు మాటలు, తర్వాత పొట్ట మీద నొక్కి చూడటం. కావాలంటే పైనుంచే స్కానింగు. జెల్లు చల్లగా ఉంటుంది, అదొక్కటే బాధ. ఎప్పుడైనా లోపల చూడాల్సొస్తే ఎందుకో చెప్తారు, నిన్ను అడుగుతారు, దుప్పటి కప్పుతారు. నేను పక్కనే ఉంటా. కావాలంటే మీ అమ్మ కూడా. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, కాసేపట్లో అయిపోతుంది."

"వద్దంటే?"

"ఆపేస్తారు."

పిల్ల ముఖంలో ఇసుమంత నమ్మకం కూడా కనబడలేదు.

డాక్టరమ్మ వచ్చి, అడగాల్సినవన్నీ అడిగి, పొట్ట మీద చెయ్యి వేసిందో లేదో, "ఆపండి," అంది పిల్ల. డాక్టరమ్మ పోలీసులకు చిక్కిన దొంగలా రెండు చేతులూ పైకెత్తింది.

"నొప్పా?"

"లేదండి. ఆపుతారో లేదో చూద్దామని."

"ఆపాను. ఇక మొదలుపెట్టనా?"

"ఊఁ."

లోపలి పరీక్ష అవసరం రాలేదు. స్కానింగులోనూ కంగారుపడాల్సిందేమీ లేదు. నొప్పి మొదలవగానే వేసుకోమని మాత్రలు రాసి, తగ్గకపోతే మళ్లీ రమ్మంది డాక్టరమ్మ.

బయటికొచ్చిన కూతురు తల్లికి అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. తల్లి విని లేచింది కానీ గుమ్మం దాటలేదు.

"సిస్టరుగారూ, నాకూ మధ్యమధ్యలో రక్తం కనబడుతోంది," అంది గొంతు తగ్గించి. "ఇది పుట్టాక నేనెప్పుడూ చూపించుకోలేదు. భయం."

సిస్టరు ఆమెను లోపలికి తీసుకెళ్లి కథంతా మొదటినుంచీ ఎత్తుకుంది. ఆమెకు లోపలి పరీక్ష తప్పలేదు. గర్భసంచి ముఖద్వారం దగ్గర చిన్న కండ పెరిగిందని తేలింది. వారం తిరక్కుండా తీసేశారు, ప్రమాదమేమీ కాదన్నారు.

కండ తీసేసిన రోజు ఇంటికి బయలుదేరుతూ తల్లి తన చెల్లెలికి ఫోను చేసింది. "రేపు ఆటో మాట్లాడి పంపుతున్నా, ఎక్కి ఆసుపత్రికి రా, నువ్వూ చూపించుకుందువుగాని," అంది. "సాకులు చెప్పకు."