గాలి వచ్చిందని నేను చెప్పాను

మొన్న స్కూటర్‌లో పెట్రోల్ పోయించుకుంటుంటే, బంకు కుర్రవాడు గొట్టం బయటికి తీసేటప్పుడు నాలుగు చుక్కలు నా చెప్పు మీద పడ్డాయి. ఎండకు కాగిన నేల మీంచి ఆ వాసన గుప్పున లేచింది. అంతే, వెనకాల హారన్లు మోగుతున్నా కదలకుండా నిలబడిపోయాను. పెట్రోల్ వాసన వస్తే వేరేవాళ్ళకు ప్రయాణాలు గుర్తొస్తాయేమో. నాకు మాత్రం సూరత్ పక్క జోల్వాలో ఒక రేకుల షెడ్డు, మగ్గాల మోత, లోపల ఏం పారుతోందో కనబడే ఒక ప్లాస్టిక్ గొట్టం, దాని మీదికి వంగి కళ్ళార్పకుండా కూర్చున్న మూడో తరగతి పిల్ల గుర్తొస్తాయి. ఆ పిల్లను నేనే. ఆ పిల్లకు జరిగిన దాని మీద నా కోపం ఇంకా పోలేదు, పోవాలని కూడా నాకు లేదు.

అప్పట్లో మేం సూరత్‌లో గోడాదరాలో ఉండేవాళ్ళం. గల్లీలో సగానికి సగం మా సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్ళే కాబట్టి పొద్దున లేస్తే ఇంటింటా జొన్నరొట్టె చరిచే చప్పుడు, రాత్రి పాళీ దిగి వచ్చే మగవాళ్ళ చెప్పుల చప్పుడు, వాళ్ళ వెంట్రుకల్లో, కనుబొమల్లో, చెవుల మీద తెల్లగా అంటుకున్న నూలు పీచు, ఆ పీచును గుమ్మంలోనే దులిపి రమ్మని ఆడవాళ్ళ కేకలు. బతుకమ్మకు గునుగుపువ్వు దొరక్కపోతే కాగితాలు కత్తిరించి రంగులద్ది పేర్చేవాళ్ళం, సత్తుపిండిలో బెల్లం ఎక్కువైందని అమ్మ సణుగుతుంటే మేం మాత్రం ఆ ఎక్కువైన బెల్లం కోసమే ఇంకో ముద్ద అడిగేవాళ్ళం. ఉత్తరాయణ్, అదే మన సంక్రాంతి, వచ్చిందంటే ఇంక ఇళ్ళల్లో మనుషులుండరు, అందరూ డాబాల మీదే. మాంజా దారానికి వేళ్ళు కోసుకుపోయి పసుపు పెట్టుకుని, పక్కింటి గుజరాతీ పెద్దమ్మ పంపిన ఊంధియూ కూర, జిలేబీ గాలిపటాల కిందే కూర్చుని తినేవాళ్ళం.

అమ్మ తమ్ముడు రాజేశం మామ మా ఇంట్లోనే ఉండేవాడు. హజీరాలో ఒక కంపెనీలో ఫిట్టరు, పొద్దున్నే కంపెనీ బస్సెక్కి పోయి సాయంత్రం గ్రీజు వాసనతో వచ్చేవాడు. నాకు మామంటే ప్రాణం. జడ వేయడం దగ్గర్నుంచి సైకిల్ నేర్పడం దాకా నాకు ఏది కావాలన్నా మామే. అలాంటి మామ ఒక ఉత్తరాయణ్ నాడు డాబా మీద గాలిపటం వదిలేసి, "కాగితం ముక్క లేస్తుంది, మనం లేవమా?" అన్నాడు. అందరూ నవ్వారు, వీడికి ఎండ దెబ్బ తగిలిందన్నారు. ఆయన మాత్రం మా నాన్న, మేం బాపు అనేవాళ్ళం, మగ్గం నడిపే జోల్వా షెడ్డు యజమానిని, మేమందరం సేఠ్ అని పిలిచే ఆయనను, ఎలా ఒప్పించాడో ఒప్పించాడు. షెడ్డు వెనక మూల, మగ్గాలకు చివర, రెండు సీట్ల చిన్న విమానం ఒకటి తయారవడం మొదలైంది. అల్యూమినియం గొట్టాలతో ఒళ్ళు, రెక్కల మీద గుడ్డ, సేఠ్ తెప్పించిన పాత ఇంజిను. పర్మిషన్ల సంగతి ఎవరైనా అడిగితే మామ, "ముందుగాల లేవనియ్యిండ్రి" అనేవాడు.

సెలవుల్లో నేనూ బాపుతో షెడ్డుకు పోయేదాన్ని. మగ్గం మీంచి దిగిన గుడ్డను, దాన్ని అక్కడ తాకా అంటారు, బల్ల మీద పరిచి తెగిన పోగుల్ని వెతకడం నా పని. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పోగు తెగింది ఎవరు చూస్తే వాళ్ళే మగ్గం ఆపాలి, ముసలివాళ్ళైనా, పిల్లలైనా, మగ్గం ఎవరిదైనా సరే. చూసి ఊరుకున్నవాడితో, చూడాల్సిన చోట కూర్చుని చూడనివాడితో ఎవరూ సరిగా మాట్లాడరు. నా కళ్ళ నుంచి ఒక్క పోగు తప్పించుకునేది కాదు. బాపు అందరి ముందూ, "నా బిడ్డ చూసిందంటే ఇగ మళ్ళ చూసుడు లేదు" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నేను ఒక గజం పెరిగేదాన్ని.

అందుకే పంపుల పరీక్షకు మామ నన్ను పిలిచాడు. విమానానికి రెండు పెట్రోల్ పంపులు. ఒకటి ఇంజినుతో పాటు తిరిగేది, అది మొరాయిస్తే ఆదుకోవడానికి బ్యాటరీతో నడిచేది ఇంకొకటి. రెండూ ఒకే గొట్టంతో, ఒకే చిన్న వడపోత జాలీ గుండా పెట్రోల్ తాగేవి. నేల మీద డబ్బా, గొట్టానికి అదే జాలీ, పాత మగ్గం చట్రానికి కట్టిన పంపు, పైన గీతలు గీసిన గాజు సీసా. వైరు తగిలించగానే పంపు టకటకమని కొట్టుకునేది, గొట్టంలో పెట్రోల్ పాకుతూ పైకెక్కి సీసాలో సన్నటి ధారగా పడేది. మామ కన్ను గడియారం ముల్లు మీద, నా కన్ను గొట్టం మీద. గొట్టంలో బుడగ కనబడితే "గాలి!" అని అరవాలి. జాలీకి చెత్త అడ్డుపడితే గొట్టంలో బుడగలు లేస్తాయని, పైకి లేచాక ఇంజినుకు పెట్రోల్ బదులు గాలి పోతే అది ఆగిపోతుందని మామ నాకు చక్కగా విడమరిచి చెప్పాడు, నేనూ చక్కగా అర్థం చేసుకున్నాను.

పెట్రోల్ వడకట్టడానికి మామ బజారు జల్లెడ వాడలేదు. అప్పుడే మగ్గం దిగిన తాకా నుంచి ఒక ముక్క కత్తిరించి డబ్బా మూతికి కట్టాడు. "మన గుడ్డను మించిన జల్లెడ ఏడుంటది బావా?" అంటే బాపు కూడా మురిసిపోయి తలూపాడు. కత్తిరించిన అంచు నుంచి పోగులు రాలతాయని ఆ షెడ్డులో తెలియనివాళ్ళు లేరు. కానీ పుట్టినప్పటి నుంచీ పీచులోనే ఊపిరి తీసుకునేవాళ్ళకు పీచు కంటికి ఆనదు కదా!

మే నెల ఎండకు రేకులు పెటపెటమంటున్న ఒక మధ్యాహ్నం గొట్టంలో ఆవగింజంత బుడగ కనబడింది. దాని వెనకే ఇంకొకటి, ఆ తర్వాత పూసల దండలాగా వరస. నేను గొంతు చించుకున్నాను.

"గాలి! మామా, గాలి అచ్చింది!"

మామ వచ్చాడు, వంగి చూశాడు, గొట్టాన్ని వేలితో కొట్టాడు. బుడగలు పోయాయి, మళ్ళీ వచ్చాయి. నా తల నిమిరి, "డేగ కండ్లే కోడలా నీయి! నువ్వు చెప్పినవ్ గద, ఇగ నా పని. జాలీ ఇప్పి కడుగుత," అన్నాడు. బయటికి తీసుకుపోయి కాలాఖట్టా ఐసుగోలా కొనిపెట్టాడు కూడా. నాలుక నల్లగా చేసుకుని నేను హాయిగా ఇంటికి పోయాను. మామ చూసుకుంటానన్నాక ఇంక నాకేం చింత!

మామ జాలీ విప్పలేదు. సేఠ్ తొందరపెట్టాడో, తనకే ఆగలేదో, ఆ వారంలోనే చెరుకు కొట్టేసిన పొలాల పక్క మట్టి రోడ్డు మీద విమానాన్ని నిలబెట్టారు. టెంకాయ కొట్టారు, ముక్కుకు పసుపు కుంకుమ పెట్టారు. నడపడానికి మామ ముందెక్కాడు, వెనక సీట్లో బాపు కూర్చున్నాడు, కొత్త చొక్కా వేసుకుని. దుమ్ము లేపుకుంటూ పోయి పోయి అది నిజంగానే లేచింది. షెడ్డు షెడ్డంతా ఈలలు. తాటిచెట్టంత ఎత్తుకు పోయాక ఇంజిను దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆ తర్వాత చప్పుడే లేదు. కోయని చెరుకులో పడింది విమానం. మామకు గీతలు తప్ప ఏం కాలేదు. బాపు కుడి మణికట్టు విరిగి చెయ్యి వేలాడుతోంది.

సేఠ్ పరిగెత్తుకొచ్చి, "పంప్ కిస్‌నే చెక్ కియా?" అని, పంపు చూసిందెవరని అరిచాడు. మామ జుట్టులోంచి చెరుకాకులు తీసుకుంటూ, నా వైపు చూడకుండా, వేలు మాత్రం నా వైపు చూపించాడు.

"బచ్చీ దేఖ్ రహీ థీ. ఉస్‌నే కుఛ్ బోలా నహీఁ."

పిల్ల చూస్తోంది, పిల్ల ఏమీ చెప్పలేదట! "నేను చెప్పిన! మామా, గాలి అచ్చిందని చెప్పలేదా నీకు?" అని ఏడ్చాను. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, "ఊకో బిడ్డా, నిన్నెవ్వలేమంటలేరు" అంది. నిజమే, ఎవరూ ఏమీ అనలేదు. మరునాడు మామ అందరి ముందూ జాలీ విప్పితే, దాని నిండా మా గుడ్డ పోగులు తెల్లటి పరుపులా పేరుకుని ఉన్నాయి. నా మాట నిజమని అది రుజువు చేయాలి కదా? కాదు, ఇంత చెత్త ఉంటే బుడగలు రాక మానవు, వచ్చినా పిల్ల చూసుకోలేదు అన్నారు. మామ తల దించుకుని స్క్రూలు బిగించుకున్నాడు.

బాపు మణికట్టు వంకరగా అతుక్కుంది. పోగు ముడి వేయడానికి వేళ్ళు తిరగక, మగ్గం వదిలి అదే షెడ్డుకు కాపలా కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ మళ్ళీ సెలవుల్లో నేను బల్ల దగ్గరికి పోతే, "నువ్వు ఆడుకోపో బిడ్డా" అని పక్కింటి పిల్లను పిలిచి తాకా చూడమన్నాడు. ఆ పూట నేను ఎంత ఏడ్చానో ఆ మగ్గాల మోతలో ఎవరికీ వినబడలేదు. ఆయన పోయేదాకా కూడా నాతో గుడ్డ చూపించుకోలేదు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, ఆ జాగాలో బాల్కనీల నిండా బట్టలారేసిన అపార్ట్‌మెంట్లు లేచాయి. చెరుకు పొలాలు ప్లాట్లయ్యాయి. ఉత్తరాయణ్ నాడు డాబాల మీద స్పీకర్ల మోతే గానీ, మా గల్లీ వాళ్ళు ఎక్కడెక్కడికి చెదిరిపోయారో తెలియదు. అమ్మా లేదు, సేఠూ లేడు. ఆ మధ్యాహ్నం గొట్టం మీదికి వంగి బుడగలు చూసింది ఈ లోకంలో ఇద్దరమే, నేనూ మామా.

పోయిన ఆదివారం మామ భోజనానికి వచ్చాడు. చేతులు వణుకుతున్నాయి, చెవులు మాత్రం బాగానే వినబడుతున్నాయి. మా అమ్మాయి విమానం కథ అడిగితే హుషారుగా మొదలుపెట్టి, "గప్పుడు మీ అమ్మ చిన్నది, పాపం చూసుకోలే" అన్నాడు. నేను వడ్డించే గరిటె కింద పెట్టి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"మామా, గాలి అచ్చిందని నేను చెప్పిన. నువ్వు వంగి చూసినవ్. జాలీ కడుగుత అన్నవ్. యాదికి తెచ్చుకో."

ఆయన తలెత్తి నా ముఖంలోకి చూశాడు. ఆ కళ్ళలో నేను అబద్ధం వెతికాను, బెదురు వెతికాను, ఏదీ లేదు. ఆయనకు నిజంగానే గుర్తు లేదు. వణికే చెయ్యి నా తల మీద పెట్టి, ఎంతో ప్రేమగా, "ఇంకా గదే మనసుల పెట్టుకున్నవా కోడలా? చిన్నపిల్లవు, నీ తప్పేమున్నది!" అని, నన్ను మళ్ళీ క్షమించాడు.